తొమ్మిదో పేజీలో మాట ఎవరిది

అన్నీ సరిపోయాయనుకుని పెన్నుకు మూత పెట్టబోతుండగా తొమ్మిదో పేజీ మధ్యలో ఆ వాక్యం కంటబడింది. లైబ్రరీ గోడమీద గడియారం పదకొండు దాటి మూడు నిమిషాలు చూపిస్తోంది. పన్నెండింటికల్లా హిస్టరీ మేడం బల్లమీద పేపరు పెట్టాలి, పన్నెండు దాటాక పెడితే అది చిత్తుకాగితం కింద లెక్క. పొద్దున్నే ప్రింటు తీయించిన పద్నాలుగు పేజీలు, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు వాటిమీద అరచెయ్యి ఆనించి కూర్చుంది ఆమె. ఒకప్పుడు చదువురానివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టే మనుషులుండేవారు, పోస్టాఫీసు మెట్లమీద రేకుపెట్టె ఒళ్లో పెట్టుకుని, దానిమీద కాగితం పరుచుకుని; వాళ్లమీద పేపరు అది. ఇరవై రెండు చోట్ల ఇతరుల మాటలు వాడుకుంది, ఇరవై రెండింటికీ వాక్యం చివర పైకి లేచిన చిన్న అంకె ఉంది, పేజీ అడుగున పుస్తకం పేరు వాలు అక్షరాల్లో ఉంది, పేజీ నంబరుంది, చుక్క ఉంది. మరి ఇదేమిటి? రాత రాసేవాడిది, ఉత్తరం చెప్పేవాడిది. అంకె లేదు. కొటేషన్ గుర్తులు లేవు. దిక్కూమొక్కూ లేకుండా పేజీ నడిమధ్యన నిలబడి ఉంది. తనదేనేమో, ఎందుకు కాకూడదు, ఇరవయ్యేళ్లొచ్చాయి, ఒక్క మంచి వాక్యం తనకు మాత్రం రాకూడదా? కానీ తను రాసిన వాక్యాలు తనకు తెలుసు. ఒక్కోటీ నాలుగుసార్లు కొట్టేసి, అటుదిటు ఇటుదటు మార్చి, చివరికి అలసిపోయి వదిలేసినవి, వాటి ఒంటినిండా గాట్లే. దీనికి ఒక్క గాటూ లేదు. పుట్టుకతోనే ఇలా పుట్టినట్టుంది. పోయిన వారం అమ్మకు చదివి వినిపిస్తే అమ్మ ఈ వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపి, మళ్లీ చదవమంది. అప్పుడు ఎంత గర్వపడిందో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.

ఎందుకంటే ఇది మొదటిసారి కాదు. మొదటి సెమిస్టర్లో రాసిన పేపరు, రేవుల్లో బరువులు మోసినవాళ్ల సంగతి, తిరిగొచ్చినప్పుడు మూడో పేజీలో ఒక పేరా చుట్టూ ఎర్రసిరాతో గీసిన గుండ్రం ఉంది, దాని పక్కన ఒకే ఒక్క ముక్క: ఎవరిది? తనదే అనుకుంది. ప్రాణం పెట్టి అనుకుంది. తీరా చూస్తే ఒక పుస్తకంలోంచి నోట్సులోకి ఎక్కించుకుని, గుర్తులు పెట్టడం మరిచిపోయి, నెల తర్వాత అది తన బుర్రలోంచే వచ్చిందని మురిసిపోయి పేపర్లో పెట్టేసింది. సున్నా వచ్చింది. సున్నా సంగతి సరే, మేడం గదిలో కూర్చోబెట్టి మెల్లగా మాట్లాడిన తీరే ఇప్పటికీ మరుపు రాదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు దొంగవని నేననుకోవట్లేదమ్మా, కానీ ఇల్లంతా ఇంకొకరి సామానుతో నింపుకుని నాదే అంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు, ఇంకోసారి ఇలా జరిగితే పేపరు కాదు, కోర్సే పోతుంది, ఆపైన నేను చేయగలిగింది కూడా ఏమీ ఉండదు, అంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెబితే నాన్న కాసేపు గడ్డం గోక్కుని, పోనీలేమ్మా, ఎవరో అన్నట్టు, అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. ఎవరన్నారో ఆయనకు తెలియదు. ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వేసింది. అమ్మా నవ్వింది. నాన్నకు మాత్రం ఎందుకు నవ్వుతున్నారో చాలాసేపు అర్థం కాలేదు.

నాన్నది సెలూను. రెండు తిరిగే కుర్చీలు, ఒక పొడుగు అద్దం, వెనకాల గోడకి ఇంకో అద్దం, మధ్యలో కూర్చున్నవాడి తల వందసార్లు కనిపిస్తుంది. ముప్పయ్యేళ్లుగా కూర్చున్న ప్రతివాడి మాటా వింటూ, విన్నదాన్ని తర్వాత కూర్చున్నవాడికి చెబుతూ వస్తున్నాడు. ఆయన నోట సొంతమాట ఏదో, అరువుమాట ఏదో కనిపెట్టడం ఆయన వల్లే కాదు. పెద్దలన్నారంటాడు, ఎవరో అన్నట్టు అంటాడు, మొన్నెవరో చెప్పారంటాడు. కాలేజీలో చేరాక ఆమె ప్రతిదానికీ అడ్డు తగలడం మొదలుపెట్టింది. ఏ పెద్దలు నాన్నా? ఏ పుస్తకం? ఏ పేజీ? మొదట్లో చిరాకుపడ్డాడు, తర్వాత ఆ ఆట ఆయనకే నచ్చింది. ఒకే పుస్తకాన్ని వరసగా రెండోసారి చూపించాల్సొస్తే పేరంతా మళ్లీ రాయనక్కర్లేదు, పైదే అని రాసి పేజీ నంబరు వేస్తే చాలని ఒకరోజు భోజనాల దగ్గర చెప్పింది. అంతే, మర్నాటి నుంచి కూరేంటని అడిగితే నాన్న జవాబు పైదే. చొక్కా మార్చుకోవా అంటే పైదే. ఒళ్లెలా ఉందంటే పైదే, మోకాలు. అమ్మకు మాత్రం ఇదంతా చెప్పకుండానే అర్థమైంది, ఎందుకంటే అమ్మది ఆస్పత్రిలో ఆపరేషన్ గదిలో పని. మొదలుపెట్టేముందు కత్తెరలెన్ని, చిమ్టాలెన్ని, గుడ్డముక్కలెన్ని అని పైకి వినబడేలా లెక్కపెడుతుంది, కుట్లు వేసేముందు మళ్లీ లెక్కపెడుతుంది, ఒక్కటి తగ్గినా పెద్ద డాక్టరు కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. పేపర్లో వాడిన ప్రతి పుస్తకం చివరి పట్టికలో ఉండాలి, పట్టికలో ఉన్న ప్రతిదీ పేపర్లో ఎక్కడో వాడి ఉండాలి అని చెబితే అమ్మ తల ఊపి, లోపలేదైనా మర్చిపోతే తర్వాత చీము పడుతుంది, అంది. ఆ మాట ఆమె నోట్సు కార్డుమీద రాసుకుంది కూడా, అమ్మ, వంటింట్లో, మంగళవారం అని కింద వేసి.

ఆ ఎర్ర గుండ్రం తర్వాతే కార్డులు పట్టింది. ఒక మాటకు ఒక కార్డు, కొటేషన్ గుర్తులు పెట్టాకే పెన్ను ఎత్తాలి. మేడం క్లాసులో చెప్పినదాంట్లో ఆమెకు అన్నిటికన్నా ఒంటబట్టింది డోరు నంబరు సంగతి. మీరు ఫలానావారింటికి వెళ్లొచ్చానని చెబితే నేనూ ఆ దారినే వెళ్లి ఆ తలుపు తట్టగలగాలి, ఊరి పేరు చెప్పి వదిలేస్తే నేనెన్ని తలుపులు తట్టను, నంబరివ్వండి, అనేది ఆవిడ. కామా ఎక్కడ పెట్టాలో, చుక్క ఎక్కడ పెట్టాలో, పుస్తకం పేరు వాల్చాలో నిలబెట్టాలో, పట్టికలో రెండో వరస ఎందుకు లోపలికి జరగాలో ఆవిడ చెబుతుంటే వెనక బెంచీవాళ్లకు ఆవలింతలొచ్చేవి గానీ ఈమెకు మాత్రం అదేదో కుట్టుపనిలా, లోపలివైపు కూడా నున్నగా ఉండాల్సిన కుట్టులా అనిపించి హాయిగా ఉండేది. పోయిన ఆదివారమంతా చుక్కలు సరిచేస్తూ గడిపింది. చుక్కలు సరిచేస్తూ సంతోషపడే మనిషిని నేనొక్కదాన్నేనేమో అనుకుంది. తలస్నానం చేసి ఎండలో కూర్చున్నట్టుండింది.

ఆ మనిషికి ఇప్పుడు ఈ గతి. పదకొండూ పన్నెండు. బల్లమీద నాలుగు పుస్తకాలున్నాయి, నాలుగింటినీ ఆనవాలు తెలిసినచోటల్లా తిప్పింది. లావుపాటి చరిత్రలో ఉత్తరాలవాళ్లమీద ఒకే అధ్యాయం, అందులో అంకెలు తప్ప మనుషులు లేరు. పోస్టాఫీసు ఉద్యోగి జ్ఞాపకాల్లో రేకుపెట్టెలవాళ్లంటే ఈసడింపే. మిగతా రెండూ ప్రొఫెసర్లు రాసినవి, ఇంతచిన్న వాక్యం రాస్తే వాళ్లకు నిద్రపట్టదు. లైబ్రేరియన్ కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, ఏం పోయిందమ్మా అని అడిగింది. ఒక మాట ఎక్కడిదో తెలియట్లేదని చెబితే, ఏ మాట అంది. చెప్పింది. ఆవిడ పెదాలు కదుపుతూ తనలో తాను రెండుసార్లు అనుకుని, ఇది పుస్తకంలో మాటలా లేదే, అని వేరే పిల్లవాడికి ముద్ర వేసివ్వడానికి వెళ్లిపోయింది. కొట్టేస్తే? తీసేసి పడేస్తే సరిపోతుందిగా? కానీ పేపరు దీన్ని పట్టుకునే వేలాడుతోంది. రాసిపెట్టినవాళ్ల గొప్పదనం గురించి అందరూ రాశారు, చెప్పినవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఉత్తరం అసలు ఎవరిది అని అడగడమే తన పేపరు. పదో పేజీ నుంచి చివరిదాకా ప్రతి పేరా ఈ వాక్యం చెయ్యి పట్టుకునే నడుస్తుంది. ఇది తీస్తే మిగిలేది అట్ట. ఉంచితే ఎర్ర గుండ్రం. ఆ ఎర్రరంగు ఇప్పుడే కాగితంలోంచి పైకి ఊరుతున్నట్టుంది.

సంచిలోంచి పాత నోట్‌బుక్ తీసింది. కార్డుల అలవాటు పూర్తిగా కుదరకముందు, ఈ పేపరు పని మొదలెట్టిన నెలంతా దీన్లో రాసుకుంది. ఎడమపక్క పేజీలో జ్ఞాపకాల పుస్తకంలోంచి నోట్సు, పేజీ నంబర్లతో; కుడిపక్క చరిత్ర పుస్తకంలోంచి, పేజీ నంబర్లతో; రెండింటి మధ్య, కుడి పేజీ పైన, తొందరగా గిలికినట్టు ఆ వాక్యం. నంబరు లేదు, పేరు లేదు. అక్షరాలు పక్కకి ఒరిగి ఉన్నాయి, ఒళ్లో పెట్టుకుని రాసినట్టు. పుస్తకం మరింత విప్పి కుట్టుదాకా చూసింది. అక్కడ, రెండు పేజీల మడతలో, ఏవో సన్నగా, పొట్టిగా, నెరిసినవి. ఊదింది. కదల్లేదు. వేలిచివర అద్ది పైకెత్తి చూసింది. వెంట్రుకలు. కత్తిరించిన వెంట్రుక ముక్కలు, మూడో నాలుగో, బియ్యపుగింజలో సగమంత. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నాలుగు పుస్తకాలు తిరగేసింది, నాన్న కొట్టు తప్ప.

వాన. అవును, ఆ రోజు వాన. కాలేజీ నుంచి ఇంటికి పోకుండా నాన్న కొట్లోకి పరిగెత్తింది. ఖాళీ కుర్చీలో కూర్చుని కాళ్లు పైకి ముడుచుకుని జ్ఞాపకాల పుస్తకంలోంచి ఎక్కించుకుంటోంది. సబ్బునురగ వాసన, తడిసిన కాగితాల వాసన, పటిక. రెండో కుర్చీలో ఎవరో పెద్దాయన, మెడదాకా తెల్లగుడ్డ, ముఖమంతా నురగ, అద్దంలో రెండు కళ్లు తప్ప ఏమీ లేవు. నాన్న ఆయన్ని ఏదో అడుగుతున్నాడు, కూతురు దేనిమీద రాస్తోందో గొప్పగా చెబుతున్నాడు, ఆ గొప్పలు వినలేక ఆమె తల మరింత పుస్తకంలోకి దూర్చుకుంది. అప్పుడు ఆ నురగలోంచి గొంతు వచ్చింది. నెమ్మదిగా, గడ్డం కదిలితే కత్తి తగులుతుందని జాగ్రత్తగా. ఆమె రాసుకుంది. రాసుకుంటుండగానే బయట ఎవరో గొడుగు విదిల్చారు, నీళ్లు పుస్తకంమీద పడ్డాయి, తుడుచుకుంది, తర్వాత నాన్న మిషను ఆన్ చేశాడు, ఆ రొదలో పెద్దాయన ఇంకా ఏదో అన్నాడు. వినబడలేదు. అడగలేదు. ఆ మనిషి పేరేమిటో, ఎవరో, గడ్డం కడుక్కున్నాక ముఖం ఎలా ఉంటుందో కూడా తెలియదు.

పదకొండూ పంతొమ్మిది. వరండా మెట్లమీదికొచ్చి నాన్నకు ఫోను చేసింది. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకున్నాడని కత్తెర చప్పుడును బట్టే తెలిసింది. విషయం చెప్పి, ఆ మాట ఎవరన్నారు నాన్నా అని అడిగింది. నేనే అనుంటాను, అన్నాడు ధీమాగా. నువ్వు కాదు నాన్నా, కుర్చీలో ఆయన, వాన రోజు, నురగ. నాన్న ఆలోచించాడు. ముఖాలు మర్చిపోతాడు గానీ తలలు మర్చిపోడు. వెనకాల రెండు సుడులా, అన్నాడు. ముందువైపే చూశాను నాన్నా, కళ్లు మాత్రమే. నెరిసిన జుట్టా, గట్టిదా మెత్తదా? పొట్టి ముక్కలు నాన్నా, గట్టివి, ముల్లులా ఉన్నాయి. కత్తెర చప్పుడు ఆగింది.

"తాపీ మేస్త్రీ," అన్నాడు నాన్న. "ఆయన జుట్టు కోస్తే నా కత్తెరకు సాన పట్టించుకోవాలి. వెనక సందులోనే ఇల్లు. ఉండు, ఫోను పెట్టకు."

తర్వాతి ఐదు నిమిషాలూ ఆమె తన తండ్రి నడకను చెవితో చూసింది. కొట్టు మెట్టు దిగడం, సైకిలు బెల్లు, ఎవరో ఎక్కడికంటే చదువు పనిమీద అని నాన్న జవాబు. ఆయన వెనక ఇంకో జత అడుగులు పడుతున్నాయి. ఎవరు నాన్నా నీతో, అనడిగింది. నా కుర్చీలో ఉన్నాయనే, సగం క్రాపు అయింది, అక్కడ ఒక్కడూ కూర్చుని ఏం చేస్తాడు పాపం, వస్తానన్నాడు. అయితే మెడచుట్టూ తెల్లగుడ్డతో, ఒకవైపు జుట్టుతో, ఒకవైపు లేకుండా, వీధిలో పట్టపగలు ఒక మనిషి తన ఫుట్‌నోట్ కోసం నడుస్తున్నాడన్నమాట. వరండాలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫస్టియర్ పిల్లలిద్దరు పక్కనుంచి పోతూ అదోలా చూశారు. చూడనీ. గుండె ఒకపక్క గడియారంతో పరుగెడుతోంది, ఇంకోపక్క నవ్వుతోంది, రెండూ ఎలా కుదురుతాయో తెలియదు గానీ కుదిరాయి.

మేస్త్రీ ఫోను అందుకుని ముందు గట్టిగా ఊపిరి వదిలాడు. గొంతు అదే. ఇప్పుడు కత్తి భయం లేదు కాబట్టి ఇంకాస్త విశాలంగా ఉంది. తాతగారూ, నేను సెలూనాయన కూతుర్ని అని పరిచయం చేసుకుని, మీరప్పుడు అన్న మాట నా పేపర్లో వాడుకున్నాను, మీ పేరు వేయకుండా వేసేశాను, తప్పయింది, అని గబగబా చెప్పింది. ఆయన ఒకసారి చదవమన్నాడు. చదివింది. రాత రాసేవాడిది, ఉత్తరం చెప్పేవాడిది.

"అలా అన్లేదు తల్లీ," అన్నాడు మేస్త్రీ. "రాత ఆయనది, ఉత్తరం నాది అన్నాను. వినేదాకానే అన్నాను. విన్నాక అది మా ఆవిడది."

ఆమె మెట్టుమీద కూలబడింది. మిషను రొదలో కొట్టుకుపోయిన సగం అది. మేస్త్రీకి ఒకసారి దారి దొరికాక ఆగలేదు. ఏడేళ్లు పరాయి ఊళ్లో గోడలు కట్టాడట. నెలకోసారి పోస్టాఫీసు మెట్లమీద రేకుపెట్టె ఆయన ముందు గొంతుక్కూర్చుని ఉత్తరం చెప్పేవాడు. నువ్వు లేకపోతే ముద్ద దిగట్లేదే అని తను చెబితే, ఆయన తల ఊపుకుంటూ రాసి తిరిగి చదివేవాడు: తమ క్షేమసమాచారములు తెలియక మిక్కిలి చింతించుచున్నాను. ఇదేంటయ్యా నేనిలా అన్లేదే అంటే, అర్థం అదేలేవయ్యా, కాస్త గౌరవంగా ఉండద్దూ, అనేవాడు. అక్కడ ఊళ్లో భార్యకు పక్కింటి పంతులమ్మ చదివి పెడితే, ఆవిడ అంతా విని, చింతించడం లేదు గింతించడం లేదు, ముద్ద దిగట్లేదన్నాడు, అంతేగా, అనేదట. ప్రతిసారీ సరిగ్గా ఏమన్నాడో అదే అనేదట. చింతించుచున్నానులోంచి ముద్దను ఎలా బయటికి లాగేదో నాకిప్పటికీ తెలియదు తల్లీ, అన్నాడు మేస్త్రీ.

కళ్లు ఎందుకు చెమర్చాయో ఆమెకు అర్థం కాలేదు. ఇన్ని నెలలు ఉత్తరానికి ఇద్దరే మనుషులనుకుంది, రాసేవాడూ చెప్పేవాడూ. పద్నాలుగు పేజీలు ఆ ఇద్దరి మధ్యే పంచాయితీ చేసింది. మూడో మనిషి చెవి ఒగ్గి గుమ్మంలో కూర్చునే ఉంది, తను లోపలికి రమ్మనలేదు. పదకొండూ ముప్పై ఆరు. మీ పేరు వేయొచ్చా తాతగారూ అని అడిగింది. పేరు ఎందుకమ్మా, నేను చదువుకున్నవాణ్ని కాదే, అన్నాడు. మాట మీదైనప్పుడు పేరు మీదే ఉండాలి, లేకపోతే నేను కాజేసినట్టు, అంది. ఆయన ఇంటిపేరుతో సహా పూర్తిపేరు చెప్పాడు, ప్రతి అక్షరాన్నీ ఇటుకలా పేర్చి, ఒత్తు ఎక్కడో కూడా చెప్పాడు, పంతులమ్మ నేర్పిందట సంతకం వరకు. పట్టికలో అక్షరక్రమంలో పేర్లుంటాయి, మీదెక్కడొస్తుందో చూస్తానుండండని ఆఖరి పేజీ తీసింది. నా పక్కనెవరుంటారు, అన్నాడు మేస్త్రీ, బస్సులో సీటు అడిగినట్టు. పైన ఒక ప్రొఫెసరు, కింద ఒక ప్రొఫెసరు. 

"వాళ్లకేం ఇబ్బంది లేదుగా?" అన్నాడు.

మళ్లీ ప్రింటు తీయించే టైము లేదు. లైబ్రరీ బల్లదగ్గర కూర్చుని, తొమ్మిదో పేజీలో ఆ వాక్యాన్ని ఒకే గీతతో కొట్టేసి, పైన నల్లసిరాతో మేస్త్రీ మాటను మేస్త్రీ అన్నట్టే రాసింది, మూడు ముక్కలూ, కొటేషన్ గుర్తుల్లో. చివర చిన్న అంకె. పేజీ అడుగున ఆయన పేరు, ఫోనులో సంభాషణ, ఇవాళ్టి తేదీ. చివరి పేజీకొచ్చింది. పట్టికకు పైన ఆధార గ్రంథాలు అని ఉంది. మేస్త్రీ గ్రంథం కాదు. ఆ శీర్షిక కొట్టేసి పక్కన ఆధారాలు అని రాసింది. తర్వాత ఇద్దరు ప్రొఫెసర్ల మధ్య ఇరుకులో ఆయన పేరు సన్నటి అక్షరాలతో పట్టించింది. పదమూడో పేజీ చివర ముగింపులో మూడు వరసల జాగా మిగిలి ఉంటే అందులో చేతిరాతతో, ఈ పేపరు ఇక్కడ ముగియాల్సింది కాదని, వినేవాళ్ల దగ్గర మళ్లీ మొదలవ్వాలని, ఆ సంగతి తనకు ఇరవై నిమిషాల కిందటే తెలిసిందని రాసింది. నీటుగా లేదు. నీటుగా లేని పేపరు ఇవ్వడం జన్మలో ఇదే మొదలు. ఎందుకో ఒళ్లంతా తేలిగ్గా ఉంది. వానలో తడవాలని నిశ్చయించుకున్నాక ఉండే తేలిక.

పదకొండూ యాభైకి మేడం గది ముందు నలుగురున్నారు, యాభై ఐదుకి ఆమె వంతొచ్చింది. మేడం పేపరు అందుకుని, అలవాటు ప్రకారం ముందు చివరి పేజీ తీసింది. చేతిరాతను చూసి కనుబొమ్మలు ముడిపడ్డాయి. తొమ్మిదో పేజీ తీసింది. చదివింది. ఏమిటిది అని అడిగితే ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది, వెంట్రుకల దగ్గర్నుంచి సగం క్రాపు మనిషి దాకా. మేడం నవ్వలేదు. కానీ పేపరును మిగతావాటిమీద పెట్టకుండా చేతిలోనే ఉంచుకుని మళ్లీ ఆ మూడు ముక్కలూ చదువుకుంది. అప్పుడే ఫోను మోగింది. నాన్న. తీయనా వద్దా అని చూస్తుంటే, తియ్యి, ఇంకా రెండు నిమిషాలుంది, అంది మేడం.

నాన్న కాదు, ఎవరో ఆడమనిషి. నువ్వేనా మా ఆయన దగ్గర మాట రాసుకున్న అమ్మాయివి, బజారు నుంచి వచ్చేసరికి ఇంటినిండా మంగలికొట్టే ఉంది, ఏమన్నాడో చెప్పు, అంది. ఆమె చెప్పింది. విన్నాక అది మా ఆవిడది, అన్నారండి మామ్మగారూ. అవతల గలగలమని గాజుల చప్పుడు, తర్వాత నవ్వు, చాలా ఏళ్ల నవ్వు.

"ఆ మాట నాది," అంది మామ్మ. "తిరిగొచ్చిన రోజున ఉత్తరాలన్నీ ఓసారి చూపించమన్నాడు. నీ నోటి నుంచి వచ్చాయి, నా చెవిలో పడ్డాయి, ఇక నావి, చూపించను పో అన్నాను. ఇప్పటికీ చూపించలేదు. ఎనభై ఉన్నాయి. నీకు చూపిస్తాను. ముందు నా పేరు రాయి, ఆయన కింద కాదు, విడిగా."

ఆమె ఫోను చెవినుంచి తీయకుండానే పేపరు కోసం మేడం వైపు చెయ్యి చాచింది.  మేడంకు గొంతు వినబడుతూనే ఉంది, వరండా మొత్తానికి వినబడుతోంది. ఆవిడ చేతిగడియారం చూసుకుంది, దాన్ని విప్పి సొరుగులో పడేసి, పేపరు తిరిగిచ్చి, తన పెన్నే మూత తీసి అందించింది. మామ్మ పేరు చెప్పింది, పుట్టింటి ఇంటిపేరుతో. అకారంతో మొదలైంది. పట్టికలో మొదటి ప్రొఫెసరు ఆకారం. అంటే ఆయనకన్నా పైన, అందరికన్నా పైన, శీర్షికకూ ఆయనకూ మధ్య వదలాల్సిన ఒక్క ఖాళీ వరసలో. బల్లమీద ఒంగి, ఊపిరి బిగబట్టి, ఆమె ఆ పేరును అక్కడ రాసింది, రాస్తున్నంతసేపూ మేడం కాగితం కదలకుండా అంచు పట్టుకుంది.

"రాశావా?" అంది మామ్మ.

రాశానండీ అంది ఆమె.

"ఏదీ, చదివి వినిపించు."

ఆమె చదివింది, కామాలతో సహా.